కొండచిలువను తీసివేసిన రోజు

చాలా రోజులైనది ఈ పుటలో టపా వ్రాసి. మొన్న ఒక మిత్రుడు ఫోను చేసి మాటల మధ్యలో, “మాస్టారూ, తెలుగు పండితులకు ఆ నల్లతెరతో పనేమిటండీ? హాయిగా బొమ్మల మీద నొక్కుకొంటూ పోక, ఆదేశాలు టైపు చేసే అవస్థ దేనికి?” అని అడిగారు. నవ్వి ఊరకున్నాను. ఒక తెల్లవారుజామున నేను పడిన పాట్లు చెబితే తప్ప ఆ ప్రశ్నకు సమాధానం కాదు. అది ఫోనులో చెప్పే సంగతీ కాదు. అందుకని ఇక్కడ వ్రాస్తున్నాను.

మా యింటికి డెబియన్ 2011 వేసవి సెలవులలో వచ్చినది. అప్పటికి ఉన్న యంత్రం పాతబడి, ఒక దస్త్రం తెరవమంటే మనం కాఫీ త్రాగి వచ్చేవరకూ ఆలోచిస్తూ ఉండేది. మా బావమరిది కొడుకు బెంగుళూరులో ఆ ఉద్యోగమే చేస్తున్నాడు. వాడు సెలవుకు వచ్చి, పాత వ్యవస్థను తుడిచివేసి దీనిని ఎక్కించి, “ఇక మీరు దేనికీ డబ్బు కట్టనక్కరలేదు మామయ్యా, దొంగ కాపీ అని భయపడనూ అక్కరలేదు” అన్నాడు. ఆ రెండవ మాట నాకు నచ్చినది. ముప్పదియేళ్ళు పిల్లలకు నీతి పద్యాలు చెప్పినవాడు ఇంటిలో దొంగసొత్తు పెట్టుకొని వ్రాసుకోవడం నాకు లోలోపల ముల్లుగానే ఉండేది.

డెబియన్ అన్న పేరు ఏ ధాతువునుండి పుట్టినదో అని నేను కొంత వెదికాను. ధాతువూ కాదు, ప్రత్యయమూ కాదు. 1993లో దీనిని ఆరంభించిన ఇయాన్ మర్డాక్ తన పేరుకు ముందు తాను ప్రేమించిన డెబ్రా పేరును చేర్చి సమాసం చేశాడట. ద్వంద్వ సమాసం! ఆ మర్డాక్ 2015 చివరలో చిన్న వయసులోనే పోయాడు. సమాసం మాత్రం నిలిచి ఉన్నది.

ఈ వ్యవస్థలో ఏ ఉపకరణమైనా ప్యాకేజీగా వస్తుంది. నేను దానిని మూట అంటాను. ఆ మూటలన్నీ భద్రపరచిన చోటును రిపోజిటరీ అంటారు. మా దివిసీమ వాడికి అది గాదె. 2025 ఆగస్టులో వెలువడిన 13వ కూర్పు గాదెలో దాదాపు డెబ్బదివేల మూటలున్నాయని వారే ప్రకటించారు. గాదెలోని మూటను ఇంటికి తెచ్చి విప్పి సర్దిపెట్టే పాలేరు పేరు ఆప్ట్. 1999లో వచ్చిన 2.1 కూర్పునుండి వీడు డెబియన్ కొలువులో ఉన్నాడు. వీడికంటె ముందునుండి ఉన్నవాడు డీపీకేజీ. మూట చేతికిస్తే విప్పగలడు గాని, ఆ మూటకు ఇంకే మూటలు కావాలో వెళ్ళి తేలేడు. తెచ్చే పని ఆప్టుది, విప్పే పని ఇప్పటికీ వాడిదే.

మూటకు మూట కావడమనే ఈ సంగతి దగ్గరే నాకు ఈ విద్య మీద ప్రీతి కలిగినది. వాక్యానికి అర్థం కుదరాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి మూడూ ఉండాలని మన ఆలంకారికులు చెప్పారు కదా. “తెచ్చెను” అన్నాక ఎవరు, ఏమిటి అని మనసు వెదుకుతుంది. అది ఆకాంక్ష. ప్రతి మూట పైనా ఒక చీటీ ఉంటుంది. అందులో ఈ మూటకు తప్పక కావలసినవేవి, ఉంటే మంచివేవి, తోస్తే తెచ్చుకోదగినవేవి, ఏ మూటతో దీనికి పొసగదు అని వేర్వేరుగా వ్రాసి ఉంటుంది. పొసగనివాటిని ఒకచోట చేర్చకపోవడం యోగ్యత. సన్నిధి మాటకు వస్తే, అన్నీ వచ్చి చేరితే గాని ఆప్ట్ పని మొదలుపెట్టడు. ఈ పోలిక మా బావమరిది కొడుకుతో చెబితే, “మాకు ఇంజనీరింగులో ఇలా చెప్పి ఉంటే రెండు మార్కులు ఎక్కువ వచ్చేవి” అన్నాడు. వాడు నన్ను సంతోషపెట్టడానికి అన్నాడని తెలుసు. అయినా సంతోషించాను.

ఆదేశం స్వరూపం కూడా సులభమే. ముందు పాలేరు పేరు, తరువాత క్రియ, ఆ తరువాత కర్మ. ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫలానా. ఆప్ట్ రిమూవ్ ఫలానా. అంతా విధ్యర్థకం. ఇక్కడ మన లిపిలో వ్రాస్తున్నాను గాని మీటల మీద ఆంగ్లాక్షరాలే కొట్టాలి. ఇంటి యజమాని అధికారంతో చెప్పవలసిన పనులకు ముందు సుడో అని చేర్చాలి. అప్పుడది సంకేతపదం అడుగుతుంది. మనం కొడుతూ ఉంటే తెర మీద చుక్క కూడా పడదు. మొదటిసారి నేను మీటలు పాడైనవనుకొని, పలకను బోర్లించి దులిపి, మళ్ళీ మొదటినుండి కొట్టాను.

అప్‌డేట్, అప్‌గ్రేడ్ అనే రెండింటికీ తేడా తెలియడానికి మాత్రం నాకు ఆరు నెలలు పట్టినది. అప్‌డేట్ అంటే ఏ ఉపకరణమూ కొత్తది కాదు. గాదెలో ఏమేమి ఉన్నాయో ఆ జాబితా మాత్రమే కొత్తది వస్తుంది. అప్‌గ్రేడ్ అన్నప్పుడే మూటలు మారుతాయి. పంచాంగం తెచ్చుకోవడం వేరు, పండుగ చేసుకోవడం వేరు. నేను ఆరు నెలలూ పంచాంగాలు తెచ్చుకొంటూ పండుగ అయిపోయినదనుకొన్నాను.

ఇక అసలు సంగతి.

నేను 2017లో పదవీ విరమణ చేశాను. ఉద్యోగంలో ఉండగా ఏ ఊరికి బదిలీ అయితే ఆ ఊరిలో ముసలివారి దగ్గర పాటలు వ్రాసుకోవడం నాకు అలవాటు. దంపుళ్ళ పాటలు, నలుగు పాటలు, లాలిపాటలు, నాట్లు వేసేటప్పటివి. నోటుపుస్తకాలు పదునాలుగు నిండాయి. 1977 ఉప్పెన తరువాత మా సీమలో కాగితాన్ని నమ్మేవారు తక్కువ. ఉప్పెనకు దొరకని నా పుస్తకాలకు చెదలు పట్టినది. పట్టిన పుస్తకం పట్టినట్లే ముందు పెట్టుకొని, మిగిలిన అక్షరాలు చూచి యంత్రంలోకి ఎక్కించి, పొడి అయిన కాగితాలను పారవేశాను. నాలుగేళ్ళ పని. మొత్తం 353 పాటలు. అన్నీ ఒకే సాదా పాఠ్యం దస్త్రంలో, వరుస సంఖ్యలతో. ఒక నకలు పెన్‌డ్రైవులో తీసి ఉంచాను గాని, అది 312వ పాట దగ్గర ఆగిపోయినది. తక్కిన 41 పాటలూ ఒక్క మనిషివి. మా వీధి చివర ఇంటిలోని పెద్దావిడ. ఆమె పాడుతూ ఉంటే ఎదుట కూర్చుని నేరుగా యంత్రంలోనే కొట్టాను. కాగితం మీద లేవు. ఆమె 2018 సంక్రాంతి వెళ్ళిన వారానికి పోయారు.

అదే ఏడు శ్రావణ మాసంలో యంత్రం, చోటు చాలడం లేదని హెచ్చరించడం మొదలుపెట్టినది. అక్కరలేని మూటలు తీసివేద్దామని ఒక రాత్రి కూర్చున్నాను. ఉన్నవాటి జాబితా తీయించి చూస్తూ ఉంటే పైథాన్ 3 అనే పేరు కనబడినది. పైథాన్ అంటే కొండచిలువ అని తెలుసు. అది ప్రోగ్రాములు వ్రాసేవారి భాష అనీ విన్నాను. నేను ప్రోగ్రాములు వ్రాయను. నాకు వచ్చిన రెండు భాషలతోనే సతమతమవుతున్నాను. కొండచిలువను ఇంటిలో పెట్టుకొని మేపడం దేనికని, సుడో ఆప్ట్ రిమూవ్ పైథాన్ 3 అని కొట్టాను.

తెర మీద బోలెడు పేర్లు జలజల రాలాయి. తెర చివర, ఈ పని చేస్తే ఇంత చోటు ఖాళీ అవుతుందన్న పంక్తి ఉన్నది. ఆ అంకె చూచి నా కన్ను అక్కడే నిలిచిపోయినది. నేను అడిగినది గుక్కెడు, వీడు ఇస్తానంటున్నది బిందెడు. దాని క్రింద, కొనసాగించమంటావా అని ప్రశ్న. బ్రాకెట్లలో అవునుకు గుర్తయిన వై పెద్ద అక్షరం, కాదుకు గుర్తయిన ఎన్ చిన్న అక్షరం. అంటే ఊరక ఎంటర్ మీట నొక్కినా అవుననే అర్థం. నొక్కాను. చాలాసేపు ఏవేవో పంక్తులు నడిచాయి. యంత్రం ఆపి, తృప్తిగా పడుకొన్నాను.

తెల్లవారుజామున నాలుగింటికి లేవడం అలవాటు. మీట నొక్కితే రోజూ కనబడే నీలి తెర లేదు, చిన్న బొమ్మలు లేవు, బాణపు గుర్తు లేదు. నల్లని తెర, మూలను లాగిన్ అన్న మాట, దాని ప్రక్క మిణుకుమనే గీత. ఆపి మళ్ళీ వేశాను. మళ్ళీ అదే. బెంగుళూరుకు ఫోను చేస్తే ఆపివేసి ఉన్నది. వాడికి రాత్రి డ్యూటీ, ప్రొద్దున్నే పడుకొంటాడు.

నాకు ఆ క్షణంలో యంత్రం గుర్తుకు రాలేదు. ఆ పెద్దావిడ గుర్తుకు వచ్చారు. పళ్ళు లేని నోటితో ఒక చరణం రెండుసార్లు పాడి, “రాసుకున్నావా నాయనా?” అని అడిగేవారు. రాసుకున్నానమ్మా అనేవాడిని.

బల్ల సొరుగులో చిన్న పుస్తకం ఒకటి ఉన్నది. మా వాడు వచ్చినప్పుడల్లా చెప్పిన ఆదేశాలు అందులో వ్రాసుకొనేవాడిని. తలుపు దగ్గర అడిగినట్లు పేరు, సంకేతపదం ఇచ్చి లోనికి వెళ్ళాను. దస్త్రాల పట్టీ చూపే ఆదేశం కొట్టాను. పాటల దస్త్రం పేరు కనబడినది. పేరు ఉంటే సరిపోతుందా? లోపల ఖాళీ కావచ్చు. పేరు ప్రక్కనే బైట్ల లెక్క ఉన్నది. ఏడు లక్షల చిల్లర. ఈ లెక్క నాకు తెలుసు. మనం వాడే యూనికోడ్ పద్ధతి యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కొక్కదానికి మూడు బైట్లు. గుణింతానికి వేరే గుర్తు, పొల్లుకు వేరే గుర్తు. స్త్రీ అన్న ఒక్క అక్షరానికి ఆరు గుర్తులు, అంటే పదునెనిమిది బైట్లు. మూడువందల పైచిలుకు పాటలకు ఏడు లక్షలంటే సరిగానే ఉన్నది. కొంత ఊపిరి వచ్చినది.

తెరచి చూచేసరికి ఆ ఊపిరి మళ్ళీ పోయినది. అక్షరాలు లేవు. అన్నీ గడులు. చిన్న చిన్న గడులు వరుసలు వరుసలుగా, పాదం తరువాత పాదం. ఈ నల్లతెరకు తెలుగు చూపడం రాదని, అక్షరం చెడలేదని, చూపేవాడికి చేతకాక గడి గీస్తున్నాడని ఇప్పుడు తీరికగా వ్రాస్తున్నాను గాని, అప్పుడు అంత తోచలేదు. చాలాసేపటికి ఒక సంగతి కనిపెట్టాను. గడుల మధ్య అక్కడక్కడ అంకెలున్నాయి. పాటల వరుస సంఖ్యలు నేను తెలుగు అంకెలలో గాక మామూలు అంకెలలోనే వేశాను. అవి మాత్రం చక్కగా కనబడుతున్నాయి. పుట తరువాత పుట త్రిప్పుకొంటూ పోయాను. 310. 311. 312. 313 కూడా ఉన్నది. దాని క్రింద గడులు. చివరకు 353, దాని క్రింద నాలుగు వరుసల గడులు. ఆ పాట నాలుగు పాదాలదే. నాకు నోటికి వచ్చు. గడుల మీద వ్రేలు పెట్టి పాడుకొన్నాను. ఎక్కడ దీర్ఘం ఉన్నదో, ఎక్కడ పాదం విరుగుతుందో అక్కడే ఖాళీ ఉన్నది.

మా ఆవిడ లేచి వచ్చి, నల్లతెర ముందు కూర్చుని దంపుళ్ళ పాట పాడుతున్న నన్ను చూచి ఏమీ అనకుండా పొయ్యి దగ్గరకు వెళ్ళినది.

ఎనిమిదింటికి ఫోను మ్రోగినది. “ఏం మామయ్యా, ఇన్నిసార్లు చేశారు? అత్తయ్య బాగుందా?”

“అత్తయ్యకేమీ కాలేదురా. రాత్రి చోటు కోసమని పైథాన్ తీసివేశాను.”

కాసేపు మాట లేదు. తరువాత నవ్వు. ఆ నవ్వు ఆపుకొని వాడు అడిగిన మాట నేను మరువలేదు. “తీసే ముందు ఏమేమి పోతాయో మొత్తం జాబితా చూపించి, అడిగి ఉంటుందే. చదవలేదా మీరు?”

చదవలేదు. ప్రశ్నపత్రం ఇచ్చిన ప్రతిసారీ, ముందు పూర్తిగా చదవండి, తరువాత కలం పట్టండి అని పిల్లలకు చెప్పినవాడిని. చదవకుండా వ్రాసిన జవాబుల ప్రక్కన ఎఱ్ఱసిరాతో సున్న చుట్టినవాడిని. ఆ పిల్లలలో ఎందరు చివరి పంక్తిలోని మార్కుల అంకె మాత్రమే చూచి వ్రాశారో! నేనేమీ భిన్నంగా లేను.

వాడు ఒక దస్త్రం పేరు చెప్పి తెరవమన్నాడు. ఆప్ట్ తాను చేసిన పనులన్నీ తేదీతో, గడియతో వ్రాసి ఉంచుకొనే దినచర్య అది. రాత్రి నేను కొట్టిన ఆదేశం యథాతథంగా ఉన్నది. తీసివేసిన మూటల పేర్లన్నీ ఉన్నాయి. పైన “ఎవరి కోరికపై” అనే అర్థమిచ్చే పంక్తిలో నా పేరు ఉన్నది. తప్పు యంత్రం మీదకు నెట్టే అవకాశమే లేదు. బడిలో హాజరుపట్టీ ఇంత ఖచ్చితంగా ఉంటే ఎంత బాగుండేదో అనిపించినది.

ఆ పేర్లు ఫోనులో వాడికి ఒక్కొక్కటే చదివి వినిపించాను. తెర మీద రంగులు, కిటికీలు చూపే సరంజామా అంతా ఎక్కడో ఒకచోట పైథాన్ మీద ఆనుకొని ఉన్నది. పునాదిరాయి తీయమంటే ఇల్లు దించవలసినదే కదా. అట్లా చదువుతూ చదువుతూ ఐబస్ అన్న పేరు దగ్గర ఆగాను. “ఇదేమిటిరా, ఇది నేను తెలుగు కొట్టేది కదూ?” అన్నాను. లేఖిని రోజులనుండి నా చేయి ఆర్‌టీఎస్ పద్ధతికి అలవాటు పడినది. ఆ పద్ధతిలో కొట్టినదానిని తెలుగు చేసి దస్త్రంలో పడవేసేది ఈ ఐబసే. దానికీ పైథాన్ కావాలి. 353 పాటలూ నేను పనికిరాదనుకొన్న కొండచిలువ వీపు మీదనే ఆ దస్త్రంలోకి వచ్చాయి. వాడు అవునన్నాడు. ఇంకేమీ అనలేదు.

తరువాతి పని సులభం. అదృష్టవశాత్తు అంతర్జాలం తీగ తెగలేదు. పోయిన జాబితాలోనే మొత్తం సరంజామాకు తలకాయ వంటి మూట ఒకటి ఉన్నది. దాని పేరు టాస్క్-గ్నోమ్-డెస్క్‌టాప్. అది ఒక్కటి తెమ్మంటే, దానికి కావలసినవి, వాటికి కావలసినవి అన్నీ వెంట తరలివచ్చాయి. ఐబసును విడిగా పేరు పెట్టి పిలిచాను. మా ఊరి వేగానికి మధ్యాహ్నం దాకా పట్టినది. తెర మళ్ళీ నీలంగా వెలిగాక మొట్టమొదట పాటల దస్త్రం తెరిచాను. ఫాంట్లకు కొండచిలువతో పని లేదు గనుక అవి చెక్కుచెదరలేదు. గడులన్నీ అక్షరాలైనాయి. రెండవ పనిగా పెన్‌డ్రైవు తీశాను. సాయంత్రానికి మూడు నకళ్ళు మూడు చోట్ల ఉన్నాయి.

చోటు సంగతి మరచిపోయాను చూశారా. పాత రోజులలో దింపుకొన్న మూటలన్నీ విప్పిన తరువాత కూడా పారవేయకుండా ఒక మూల పేరుకొని ఉన్నాయట. ఆప్ట్ క్లీన్ అనే ఒక్క ఆదేశంతో కావలసినంత చోటు వచ్చినది. అదేదో ముందే తెలిసి ఉంటే ఈ టపాయే లేదు.

అప్పటినుండి కొన్ని అలవాట్లు చేసుకొన్నాను. ఆదేశంలో హైఫన్ పెట్టి ఎస్ అని చేరిస్తే పాలేరు నిజంగా చేయకుండా, చేస్తే ఏమవుతుందో ఉత్తుత్తిగా చేసి చూపుతాడు. పిల్లల ఉత్తుత్తి పెళ్ళి వంటిది. తీసివేతలన్నీ ముందు ఉత్తుత్తిగానే చేస్తాను. ఆప్టిట్యూడ్ అని మరొక పాలేరు ఉన్నాడు. ఏ మూటనైనా చూపి “వై” అంటే, అది ఈ యింట ఎందుకున్నదో, ఎవరి కోసం వచ్చినదో వంశవృక్షంతో సహా చెబుతాడు. నాకు అన్నింటికంటె ఇష్టమైన ఆదేశం ఇదే. ఇంకొకటి, రిమూవ్ అంటే మూట పోతుంది గాని దాని అమరికల దస్త్రాలు ఉండిపోతాయి. ప్రత్యయం లోపించినా దాని కార్యం మిగిలే ఉంటుందని వ్యాకరణంలో చదువుకొన్నవారికి ఇది వింత కాదు. ఆనవాలు కూడా ఉండకూడదంటే పర్జ్ అనాలి. నేను ఆ మాట వాడడం తక్కువ.

ఆప్ట్-గెట్ మూ అని కొట్టి చూడండి. అక్షరాలతో గీసిన ఆవు బొమ్మ వస్తుంది. దీనివలన ప్రయోజనమేమీ లేదు. మా మనుమరాలికి చూపిస్తే పది నిమిషాలు నవ్వినది. ఏ వ్యాసం వ్రాయమన్నా ఆవు వ్యాసమే వ్రాసే పిల్లవాడు ప్రతి తరగతిలోనూ ఒకడుండేవాడు. వాడు అక్కడికి కూడా చేరుకొన్నాడని నాకు నమ్మకం.

12వ కూర్పునుండి 13వ కూర్పుకు మారిన రోజున, ఏవి కొత్తగా వస్తాయి, ఏవి మారుతాయి, ఏవి పోతాయి అని ఆప్ట్ జాబితా చూపినది. పోయేవాటి శీర్షికలో ఆ ఒక్క మాటను వాడు పెద్ద అక్షరాలలో వ్రాస్తాడు. 2018లోనూ అట్లాగే వ్రాసి ఉంటాడు. ముందు ఆ పేర్లు చదివాను. తెలియనివి నాలుగుంటే ఎందుకున్నవో అడిగి తెలుసుకొన్నాను. ఆ తరువాత మారేవాటి జాబితా పట్టుకొన్నాను. అవి వందలు, అకారాది క్రమంలో ఉంటాయి. పైకే చదువుకొంటూ ఉంటే మా ఆవిడ వంటింటిలోనుండి కేక వేసినది.

“ఇంకా ఎంతసేపండీ ఆ పారాయణం? కాఫీ చల్లారిపోతున్నది.”

“ఎల్ దాకా వచ్చానే,” అన్నాను.